రెబెక్కా విడదీసిన టెంట్ హౌస్

అలియాబాద్‌లో ఉండే రెబెక్కాకు గనక అప్పజెప్పి ఉంటే, మేడ్చల్ రోడ్డును ఏనాడో ముక్కలుగా విప్పి, ట్రాఫిక్ ఇరుక్కున్న ముక్కను పీకి పక్కన పెట్టి, దాని చోట ఖాళీ ముక్క బిగించి ఉండేది. బస్సులో కునుకు తీసేవాళ్లకు నిద్ర కూడా చెదిరేది కాదు. నమ్మనివాళ్లు ఆమె బిర్యానీ తినడం చూడలేదన్నమాట. అందరూ తిని చేతులు కడుక్కునే వేళకు ఆమె పళ్లెంలో లవంగాలు ఒక వాడ, యాలకులు ఒక వాడ, దాల్చినచెక్క ఒక వాడగా కాపురం పెట్టి ఉంటాయి. మెతుకు మాత్రం ఇంకా నోట్లోకి పోదు. "తింటున్నవా బిడ్డా, పంచాయితీ జేస్తున్నవా?" అని తండ్రి జయరాజు అడగని ఆదివారం లేదు.

ఈ విడదీసే పిచ్చినే ఆమె బతుకుతెరువు చేసుకుంది. వెబ్‌సైట్లు కడుతుంది. ఉద్యోగం మానేసి సొంతంగా పట్టిన మొదటి పని దేవరయాంజాల్‌లో నవీన్ టెంట్ హౌస్‌ది. కుర్చీలు, షామియానాలు, వంట గిన్నెలు ఫోన్లోనే కిరాయికి మాట్లాడుకునేలా సైటు కావాలన్నాడు. అది నిలబడితే ఆమె సొంత పని నిలబడుతుంది. కూలితే మళ్లీ పాత ఆఫీసు గుమ్మమే.

అంతా ఒకే ముద్దగా కడితే రేపు ఒక మూల మార్చాలన్నా మొత్తం కదులుతుంది. విడి భాగాలుగా కట్టాలి, సరే. ఎక్కడ విడదీయాలి? తనతో పనిచేసే అన్వేష్ ఒక్కో బటన్‌నూ ఒక్కో భాగం చేద్దామన్నాడు. రెబెక్కా అతణ్ని వెంటబెట్టుకుని టెంట్ హౌస్‌కు పోయింది. కుర్చీలకో షెడ్డు, షామియానాలకో షెడ్డు, గిన్నెలకో షెడ్డు. ఒక్కోదానికి ఒక్కో మనిషి. ఒకరి సామాను ఇంకొకరు ముట్టరు.

"సూడు, నవీనన్న మనకంటె ముందుగాలనే విడగొట్టి పెట్టిండు," అంది మురిసిపోతూ.

సైటునూ అలాగే మూడు భాగాలుగా కట్టింది. దేని సామాను దానికి, దేని తేదీ దానికి.

నవీన్ తల్లి ఇందిరమ్మ పరీక్షకని ఒక ఉత్తుత్తి బుకింగ్ చేసింది. కుర్చీల దగ్గర ఆదివారం నొక్కింది. అన్నిటికీ అదే కదా అనుకుని గిన్నెలు, షామియానా ఎంచుకుంది. కానీ ఆ రెండిటికీ ఆదివారమని చెప్పేదెవరు? వాటిలో బుకింగ్ చేసిన రోజు తేదీయే ఉండిపోయింది.

"బువ్వ ఇయ్యాల వండుకోని, కూసునుటానికి ఐతారం దాక నిలవడాల్నా బిడ్డా?" అందామె.

నవీన్ నవ్వలేదు. "చెల్లె, లగ్గాలు నెత్తిమీదికొచ్చినయ్. రేపటికి గాకుంటె గాజులరామారంల ఇంకొకల్లకు ఇస్త. ఏమనుకోకు."

"అక్కా, మూడింటిని కలిపి ఒకటే ముద్ద జేద్దాం. పరేషానే ఉండది," అన్నాడు అన్వేష్.

"రేపు అన్న జనరేటర్ గుడ పెడుతనంటె? మల్ల మొత్తం కూలగొడుదమా?"

ఆమె ఇంటికి పోలేదు. బోర్లించిన పెద్ద వంట డేక్సా మీద కూర్చుని షెడ్ల వైపే చూస్తూ ఉండిపోయింది. అంతలో నిజం గిరాకీ ఫోన్ చేశాడు. మాట్లాడి పెట్టేసి నవీన్ వాకిట్లోకి వచ్చి నిలబడి, "ఐతారం పొద్దుగాల, శామీర్‌పేటకు," అని కేకేశాడు. మూడు షెడ్లలోంచి మూడు తలలు బయటికొచ్చి, ఊగి, లోపలికి పోయాయి. ఏ ఒక్కరూ తేదీని తాము ఎంచుకోలేదు.

షెడ్లన్నీ కట్టింది గానీ, వాకిట్లో నిలబడి కేకేసే మనిషిని కట్టడం మరిచిపోయింది రెబెక్కా.

అక్కడే ల్యాప్‌టాప్ తెరిచింది. మూడు భాగాల్లోంచీ తేదీని పీకి, పైన ఇంకో భాగం చేసి అందులో పెట్టింది. అది చెబుతుంది, మూడూ వింటాయి. పొద్దు గూకకముందే ఇందిరమ్మ మళ్లీ నొక్కింది. కుర్చీలు, గిన్నెలు, షామియానా కలిసికట్టుగా ఆదివారానికే వచ్చాయి. మరునాడు నవీన్ నిజంగానే జనరేటర్ కూడా పెట్టమన్నాడు. దానికో భాగం తగిలించింది, మిగతావేవీ కదల్లేదు. గాజులరామారం మాట మళ్లీ రాలేదు.

పూల డెకరేషన్ చేసే సిద్దిరాములు తనకూ ఒక సైటు కట్టించుకుందామని వస్తే, నవీన్ రెబెక్కా ఎదుటే అందుకున్నాడు. "మా చెల్లె సంగతి నీకెర్కలేదు. సైటు మొత్తం ఊడబీకి, చాయ్ సల్లారకముందే మల్ల బిగించింది. కండ్లు గుడ తెరవకుంటనే."

రెబెక్కా ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే అంది:

"అట్లేం లేదన్నా. తేదీ మూడు తావుల ఉండె. ఒక్క తావుల పెట్టిన."