వదినగారి బల్ల ఖాళీ చేసిన వీరవనిత

నేను జీవితంలో ఒకే ఒక్కసారి పిస్టల్ పట్టుకున్నాను. ఆ దెబ్బకి, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నేను కనపడగానే మా అత్తవారి వైపు చుట్టాలు చేతులు పైకెత్తి నిలబడుతున్నారు. అంత ఘనకార్యం ఏమిటో చెబుతాను, కాస్త జాలి దగ్గర పెట్టుకుని వినండి.

అమలాపురం శివార్లలో ఖాళీగా పడున్న కొబ్బరి గోదాములో, మిలిటరీ నుంచి రిటైరైన మాస్టారొకాయన ఎయిర్ పిస్టల్ క్లబ్బు పెట్టారు. ఆదివారం కొత్తవాళ్ళకి పోటీ. పక్కపక్కన రెండు బల్లలు. ఒక్కో బల్ల మీద ఐదు చెక్క పిన్నులు. బౌలింగ్ ఆటలో బంతి దొర్లించి పడగొడతారే, మెడ సన్నగా, పొట్ట లావుగా, అలాంటివి. ఇద్దరూ ఒకేసారి కాల్చాలి. ఎవరి బల్ల ముందు ఖాళీ అయితే వాళ్ళదే కప్పు.

తీర్థంలో బెలూన్లు పేల్చిన మహానుభవంతో నేను పేరిచ్చేశాను. చూద్దామని రాజోలు నుంచి మావారి అక్కగారు వచ్చారు. ఆవిడ పూతరేకు చుట్టినా, కారు రివర్సు చేసినా నాకంటే బాగా చేస్తారు. చేసి ఊరుకోరు, నాకు నేర్పుతారు. పక్క బల్లకి మనిషి తక్కువయ్యేసరికి, పులి మేకను టిఫినుకి పిలిచినంత ప్రేమగా పిలిచాను.

"వదినా, మీరూ రండి, సరదాగా!"

"నాకు రాదు కదమ్మా."

"నేను నేర్పుతాను కదండీ!" ఈ మాట అనడానికి పెళ్ళైన దగ్గర్నుంచి కాచుకుని ఉన్నాను.

మాస్టారు నాకు పెద్ద గాగుల్స్ తెచ్చేరు. "మేడంగారూ, మీ కళ్ళద్దాల మీద ఇవి పెట్టుకోండి."

"వద్దండీ, వెల్డింగ్ షాపులో ఉన్నట్టుంటాను. మావారు వీడియో తీస్తున్నారు."

"అద్దాలు తీసేస్తే కనపడుద్దాండీ?"

"ఆయ్! శుభ్రంగా కనపడుద్దండి!"

అద్దాలు తీసి చిన్న గాగుల్స్ తగిలించాను. రెండు బల్లలూ కలిసి ఒకటే పొడుగాటి బల్లయ్యాయి. దాని మీద తెల్లగా ఏవో మబ్బులు. వీరులు అలాంటివి పట్టించుకోరు.

విజిల్ మోగింది. టప్! ఒకటి పడింది.

"ఏవండీ, ఇది పేలట్లేదేంటండీ?" వదిన గొంతు.

"లాకు తియ్యాలండి."

"ఎక్కడుందండీ లాకు?"

నా ప్రాణానికి వీణ వాయించినట్టుంది. టప్! టప్! వెనక నుంచి మావారు, "అటు కాదే, ఇటు! ఇటు!" అని అరుస్తున్నారు. వీడియో కోసం మొహం తిప్పమంటున్నారనుకుని, ఓ చిరునవ్వు అటు విసిరి మిగతా రెండూ పడగొట్టాను. గోదాము దద్దరిల్లింది. అభిమానులు అనుకున్నాను.

పిస్టల్ కింద పెట్టి, దర్జాగా అద్దాలు తగిలించుకున్నాను. నా పిన్నులు ఐదూ పెళ్ళివారిలా నిలబడి నన్నే చూస్తున్నాయి. వదిన బల్ల మాత్రం నున్నగా ఉంది.

"మాస్టారూ, ఇది చెల్లదు కదండీ?"

"చెల్లుద్దండి. ఎవరి బల్ల ఖాళీ అయితే వాళ్ళు గెలిచినట్టండి. ఎవరు ఖాళీ చేసేరన్నది రూల్లో లేదండి."

ఇంకా లాకు వెతుక్కుంటున్న ఆవిడ చేతిలో కప్పు పెట్టేశారు. ఆవిడ నా భుజం తట్టి, "కంగారు పడకూడదమ్మా. నన్ను చూడు, ఎంత నిదానంగా ఉన్నానో," అని మొదలుపెట్టారు.

అక్కడే గుండె మీద చెయ్యేసుకుని ప్రమాణం చేశాను. బతికుండగా మళ్ళీ పిస్టల్ ముట్టను. తప్పనిసరై ముట్టాల్సి వస్తే మాత్రం వదిన జట్టులో చేరిపోతాను. ఎలాగూ కాల్చేది ఆవిడ కోసమే కదా!