అడ్డంగా తిరగని మెడ

తొంభైల్లో మాట. ఊరికంతటికీ పెట్రోలు, కిరోసిన్ శుద్ధి చేసే మల్కాపురంలో ఉంటూ, చిన్న కిరోసిన్ స్టవ్వు చేతిలో ఓడిపోయినదాన్ని నేను. పంపు అతిగా కొట్టాను. మంట లేచి నైలాన్ చీర అంటుకుంది. మా అత్త దుప్పటి చుట్టి ఆర్పింది. పుండు మానుతూ మానుతూ గడ్డాన్ని ఛాతీకేసి లాగేసింది. ఏడాది పాటు కొత్త కోడలిలా తల దించుకునే తిరిగాను. తెలియనివాళ్లు ఎంత అణకువో అనుకున్నారు.

చివరికి ఆపరేషన్ చేసి, తొడ చర్మం తీసి మెడకి వేశారు. ఇక ఎవరితోనైనా పోటీకి దిగి తొడ కొట్టాలంటే నేను మెడ చరుచుకోవాలి. తల కాస్త లేచింది కానీ పక్కలకి తిరగలేదు. రోజూ వ్యాయామం చేయించకపోతే కొత్త చర్మం మళ్లీ బిగుసుకుపోతుందన్నారు డాక్టరు. అందుకని అత్త నన్ను సిటీ బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి, మెడ పట్టి తిప్పడం తానూ నేర్చుకునేది.

ఒకరోజు వ్యాయామాల గదిలో పక్క బల్ల మీదున్న ఆవిడ, అత్తను ఓరగా చూస్తూ నన్నడిగింది. "మీయత్తే కాల్సీసిందేటమ్మా?"

ఇలాంటి మాటకి మనం నోటికన్నా ముందు తలతో కాదంటాం. అడ్డంగా ఊపబోయాను. మెడ తిరక్క, గడ్డం కాస్తా కిందికి దిగింది. అచ్చం అవునన్నట్టే.

"అయ్యో తల్లీ!"

"కాదండీ, స్టవ్వు..." అన్నాను కంగారుగా.

"బయపడతంది పాపం. పక్కనే ఉంది గదా, ఏటి సెప్తాది?" అందావిడ గదంతటికీ వినబడేలా.

అత్తకీ వినబడింది. తిరుగు బస్సులో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నేను సిగ్గుతో తల దించుకుందామంటే, వ్యాయామం అయ్యాక మెడకి బిగించిన ఆసుపత్రి కాలరు అడ్డం. కాలరెగరేసుకు తిరగడమంటే ఇదే కాబోలు.

మర్నాడు అత్త ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నువ్వెల్లు. నాను ఈడే కూకుంతాను."

లోపల అందరూ నన్నే చూశారు. మెడ చేయలేని పనికి ఒళ్లంతా లారీలా వెనక్కి తిప్పి అరిచాను. "అత్తా, రా! నువ్వు పట్టుకోకపోతే నా మెడ తిరగదు!"

"అరవకే పిల్లా, అందరూ సూత్తన్నారు."

వచ్చింది. నా మెడ మీద చెయ్యి వేసింది. మెల్లగా అడ్డంగా తిప్పసాగింది. పక్క బల్ల ఆవిడ ఆ చేతినే చూస్తోంది.