తూఫాన్‌కు కప్పిన దరీ

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, వందలమంది చూస్తుండగా, ఒక మనిషికి భక్తిశ్రద్ధలతో దరీ కప్పి సన్మానం చేసినవాళ్ళను మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, చూడండి. నేనే. దరీ అంటే శాలువాకు చుట్టమేమో అనుకునేరు. పెళ్ళివారంతా దాని మీద కూర్చుని భోంచేసి, పిల్లలు దాని మీద దొర్లి, చివరికి వంటవాళ్ళు దాని మీదే నిద్రపోయినా చెక్కుచెదరని దళసరి నూలు దరీ. మా వరంగల్ కొత్తవాడలో నేసే రకం. ఆ రోజు నా డైరీ తెరిస్తే రెండే మాటలున్నాయి: "ఊరు మారాలి."

మొదటినుంచీ చెబుతాను. అప్పుడు నేను డిగ్రీ చివరి ఏడు చదువుతున్నాను. చదువు సంగతి ఎలా ఉన్నా, మొహమాటంలో మాత్రం నాకు పీహెచ్‌డీ ఇవ్వొచ్చు. ఆటో నేను దిగాల్సిన చోటు దాటిపోతున్నా "ఆపన్నా" అనలేక, ఇంకెవరైనా దిగేదాకా కూర్చుని, వాళ్ళతోపాటు దిగి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. అలా ఒకసారి హన్మకొండలో ఎక్కి ధర్మసాగర్ దాకా పోయాను. ఆ చెరువు చాలా బాగుంటుంది. నేను చూడాలనుకోలేదు, అంతే.

అలాంటి నేను నోరు విప్పి అరిచేది ఒక్క ఫుట్‌బాల్ చూసేటప్పుడే. అదీ దుప్పటి కింద, ఫోన్లో, నోరు దిండుకు అదిమిపెట్టి. మా జట్టు పేరు గోల్కొండ గద్దలు. మా దేవుడు తొమ్మిదో నంబరు ఆటగాడు తూఫాన్. కేరళవాడు. అసలు పేరు పలకడం మాకెవరికీ చేతకాక తూఫాన్ అని పెట్టుకున్నాం. క్రికెట్ పిచ్చి ఉన్న మా ఊళ్ళో గద్దలకూ ఒక అభిమాన సంఘం ఉండేది. సరిగ్గా ఒక జట్టుకు సరిపడా మందిమి. ఎవరికైనా జ్వరమొస్తే బదులు దిగడానికి మనిషి లేడు. సంఘానికి పెద్ద నరేశన్న, సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఆయనది. నేను వాట్సాప్ గ్రూపులో మాత్రమే మాట్లాడతాను కాబట్టి, అదీ పేరాలు పేరాలుగా రాస్తాను కాబట్టి, ఆయన నన్ను "వ్యాసం చెల్లె" అనేవాడు.

ఆ ఏడు ఫైనల్‌కు ఇంకొక్క మెట్టు ఉందనగా, జీవితంలో మొదటిసారి మేమంతా రైలెక్కి హైదరాబాద్ వెళ్ళి స్టేడియంలో కూర్చున్నాం. జట్టు మైదానంలోకి వచ్చింది. తూఫాన్ రాలేదు. ఎక్కడున్నాడా అని చూస్తే మాకు ఎదురుగా గ్యాలరీలో, చేతులు కట్టుకుని, పెళ్ళిలో అలిగిన మేనమామలా కూర్చున్నాడు. జీతం విషయంలో గొడవట. తేలేదాకా ఆడడట. మావాళ్ళు ఓడిపోయారు. అదృష్టం కొద్దీ ఇంకో అవకాశం మిగిలింది. వచ్చే ఆదివారం గెలిస్తే ఫైనల్, లేకపోతే ఇంటికి.

తిరుగురైలెక్కాం. కాజీపేట దాటాక నరేశన్న ఒక్కటే అన్నాడు. "మనం పైసలు పెట్టి పోయినం. ఆయన పైసల కోసం కూసున్నడు."

ఆ మాట నా గుండెలో మేకులా దిగింది. ఆ రాత్రి డైరీలో నాలుగు పేజీలు తిట్టాను.

రెండు రోజులకు గ్రూపులో బాంబు పడింది. గద్దల ఓనర్‌కు బట్టల వ్యాపారం కూడా ఉంది. హన్మకొండ చౌరస్తా దగ్గర కొత్త షోరూం తెరుస్తున్నాడు, శుక్రవారం రిబ్బన్ కత్తిరించేది ఎవరయ్యా అంటే తూఫాన్! జీతం గొడవకు ముందే ఒప్పుకున్న పనట.

"ఆటకు రానోడు కత్తెర పట్టుకోనికి వస్తడా?" అని నరేశన్న. అందరూ మండిపడుతున్నారు. ఏదో ఒకటి చెయ్యాలంటున్నారు. ఏం చెయ్యాలో ఎవరికీ తోచడం లేదు. అప్పుడు నా వేళ్ళు, నన్ను అడక్కుండానే, టైప్ చేశాయి: "మా బాపు దరీలు నేస్తాడు. ఒక దరీ మీద మన బాధ నేయించి తెస్తాను. అతని ముందు విప్పి పట్టుకుందాం. ఫ్లెక్సీ చిరుగుతది, దరీ చిరగదు."

చప్పట్ల బొమ్మలు కురిశాయి. "వ్యాసం చెల్లె జిందాబాద్!" పుట్టి బుద్ధెరిగాక నన్ను పదిమంది మెచ్చుకోవడం అదే మొదలు. ఇక ఆ దరీ తేలేకపోతే నేను మళ్ళీ ఆ గ్రూపులో తల ఎత్తలేను.

బాపు మగ్గం వీధి చివర నేతకారుల సంఘం షెడ్డులో ఉంటుంది. ఆయన అన్నానికి ఇంటికి వచ్చేదాకా కాచుకుని, రాసుకున్న కాగితం ముందు పెట్టాను. అందులో ఇలా ఉంది: "ఓ తూఫాన్! లక్షలాది అభిమానుల కన్నీటి సాక్షిగా, పవిత్రమైన క్రీడను సొమ్ముకు తాకట్టు పెట్టుట నీకు న్యాయమా?"

బాపు ముద్ద పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివాడు.

"ఇది దరీనా, ప్లాటు రిజిస్ట్రేషన్ కాయిదమా బిడ్డా?"

"బాపూ!"

"ఒక్కొక్క అక్షరానికి రంగు నూలు చేతితోని పెట్టుకుంట నెయ్యాలె. గిదంత నేస్తే, తూఫాన్ ముసలోడై ఆట ఇడిసిపెడ్తడు. పొట్టిగ చెప్పు."

నా సాహిత్యాన్ని కత్తిరించడం మొదలుపెట్టాం. కన్నీరు పోయింది, సాక్షి పోయింది, పవిత్రత పోయింది. చివరికి రెండు మాటలు మిగిలాయి: "సిగ్గుండాలె తూఫాన్!"

ఆటో ఆపమనడానికి సిగ్గుపడే పిల్ల ఇంకొకరికి సిగ్గుండాలని నేయించడం మీకు వింతగా ఉందేమో. నాకప్పుడు ఉండలేదు.

బాపు మజ్జిగ తాగుతూ అడిగాడు. "అవునుగని, ఆయన ఎందుకు ఆడుతలేడు?"

"జీతం గురించి."

"ఎక్కువ అడుగుతాండా?"

"ఎక్కువ కాదు. మూడు నెలల సంది ఎవరికీ ఇస్తలేరట. ఈయన కెప్టెన్ కదా, అందరి దిక్కు నిలబడ్డడట."

"గట్లనా." గ్లాసు కింద పెట్టాడు. "మరి సిగ్గు ఎవలకు ఉండాలె?"

"బాపూ, నీకు ఫుట్‌బాల్ తెల్వది. ప్రేమతోని ఆడాలె. అభిమానులు ఏం పాపం చేసిండ్రు?"

"సరే సరే, నేస్త. నాకు కూలి ఏమిస్తవ్?"

నేను నిర్ఘాంతపోయాను. "సొంత బిడ్డను కూలి అడుగుతవా?"

"ప్రేమతోని నెయ్యాలెనా?"

"అది కాదు... తర్వాత ఇస్త."

"తర్వాతనా!" బాపు వంటింటి వైపు తిరిగి కేక వేశాడు. "ఇన్నవానే? మనింట్ల కూడ ఒక ఓనర్ పుట్టింది!"

లోపలనుంచి అమ్మ నవ్వు వినిపించింది. రెండు ప్లేట్ల బిర్యానీ, పెద్ద హోటల్‌లో, ఏసీ గదిలో అని బేరం కుదిరింది. దరీకి కావలసిన ఎర్రనూలు కండెలు అమ్మ ఆ సాయంత్రమే చుట్టడం మొదలుపెట్టింది. ఆమె కూలి గురించి ఎవరూ ఎత్తలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

శుక్రవారం పొద్దున బాపు ఒక పొట్లం చేతికిచ్చాడు. పాత పేపర్లో చుట్టి, పురికొసతో బిగించి కట్టి ఉంది.

"ఒక్కసారి చూస్త బాపూ."

"ఇప్పకు. ఇప్పితే మళ్ళ గీ మడత నీతోని కాదు. ఆడికి పోయినంకనే ఇప్పు." ఆ చెప్పడంలో ఆయన మీసం ఒకవైపు కదిలింది. తెలివైన కూతురైతే అప్పుడే గమనించేది.

చౌరస్తా దగ్గర డప్పులు, బెలూన్లు, ఉచితంగా ఇస్తారన్న చేతిసంచుల కోసం జనం. నరేశన్న వాళ్ళు ట్రాఫిక్‌లో ఇరుక్కుని "చెల్లే, ముంగట జాగ పట్టుకో, వస్తానం" అని ఫోన్ చేశారు. జాగా పట్టుకున్నాను. జనం తోసిన తోపుడుకు నిజంగానే అందరికంటే ముందు, స్టేజీ మెట్ల పక్కన తేలాను. ఒంటరిగా. చంకలో పొట్లంతో.

మనవాళ్ళ సంగతి మీకు తెలుసు. స్టేజీ పక్కన ఒక మనిషి మడతపెట్టిన గుడ్డ పట్టుకుని నిలబడ్డారంటే అది శాలువా అయి తీరాలి. ఇంకో ఆలోచన ఎవరి బుర్రలోకీ రాదు. మైకు పట్టుకున్న యాంకరమ్మాయి కళ్ళు నా మీద పడ్డాయి.

"అరెరే! మన తూఫాన్ గారికి శాలువా కప్పడానికి ఒక అభిమాని ఎంత సిగ్గుపడుతూ నిలబడ్డారో చూడండి! రండి మేడమ్, రండి!"

"అది కాదండీ..." అన్నాను. నాకే వినిపించలేదు.

"ఆనందంతో మాట రావడం లేదు! గట్టిగా చప్పట్లు!"

వెనకనుంచి ఎవరో పెద్దావిడ "పో బిడ్డా, ఇజ్జతి ఇయ్యాలె" అంటూ నన్ను మెట్లెక్కించింది. ఆటో ఆపమనలేని పిల్ల సన్మానం ఆపమనగలదా? చూస్తే స్టేజీ మీదున్నాను. ఒకవైపు తూఫాన్, తాడిచెట్టంత ఎత్తు, చిన్నపిల్లాడి నవ్వు. ఇంకోవైపు ఓనర్, తెల్ల చొక్కా, వేళ్ళనిండా ఉంగరాలు. యాంకరమ్మాయి పురికొస తెంపి పేపరు లాగేసింది.

నాకు ఒక్కటే తోచింది. అక్షరాలు లోపలివైపుకు పెట్టి కప్పేద్దాం. ఇతనికి తెలుగు రాకపోయినా కింద ఉన్నవాళ్ళకు వస్తుంది కదా! దండం పెట్టినట్టు కళ్ళు మూసుకుని, మడతల్లో ఎర్రగా కనబడ్డ వైపును అతని ఒంటికి తిప్పి, ఎగిరి భుజాల మీద వేశాను. పాపం, ఆ బరువుకు అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. గోల్‌పోస్టుల ముందు ఎందరు మీద పడ్డా కదలని మనిషి.

కళ్ళు తెరిచాను. జనం మెడలు పక్కకు వంచి చూస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. దరీకి లోపలంటూ ఉండదు. రెండువైపులా ఒకటే నేత, రెండువైపులా కనబడుతుంది. కాకపోతే ఒకవైపు అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి ఉంటాయి. పుట్టినప్పటినుంచీ దరీల మీదే పాకి, దరీల మీదే నడక నేర్చిన మగ్గమోళ్ళ పిల్ల మరచిపోకూడని సంగతి అదొక్కటే.

జనం అవస్థ తూఫాన్ గమనించాడు. మర్యాదస్తుడు. దరీని ఒంటిమీదినుంచి తీసి, తిప్పి, రెండు చేతులా బారుగా చాపి పట్టుకున్నాడు. కెమెరాలు మెరిశాయి. తర్వాత నవ్వు మొదలైంది. ముందు వరసలో మొదలై, చౌరస్తా దాటి, ఆగిన బస్సులోకి కూడా ఎక్కింది.

చచ్చానురా దేవుడా అనుకుంటూ తొంగి చూశాను.

"సిగ్గుండాలె ఓనర్!" అని ఉంది.

ఇంత పెద్ద ఎర్ర అక్షరాలు. అంచుకు చక్కటి పూలు కూడా.

ఓనర్ ముఖం ఆ అక్షరాల రంగులోకి తిరిగింది. తూఫాన్‌కు ఏమీ అర్థం కాలేదు. వంగి, ఎంతో ప్రేమగా, "క్యా లిఖా హై, బహన్?" అని ఏం రాసుందో అడిగాడు. యాంకరమ్మాయి అలవాటు కొద్దీ మైకు నా నోటికి ఆనించింది.

పారిపోదామంటే మెట్ల నిండా జనం. అబద్ధం చెబుదామంటే వచ్చిన హిందీ తక్కువ. నా గొంతు, స్పీకర్లలోంచి, చౌరస్తా అంతా వినిపించింది: "సార్... యే ఆప్‌కే లియే నహీ హై." వేలు దానంతటదే లేచి పక్కకు తిరిగింది. "ఇన్‌కే లియే హై."

ఇది మీకు కాదు, వీరికి! ఇక చూడండి. అప్పుడే వచ్చిన నరేశన్న జనం వెనకనుంచి "జీతం ఇయ్యాలె!" అని అరిచాడు. తూఫాన్‌ను తిట్టడానికి వచ్చిన నరేశన్నే! చేతిసంచుల కోసం వచ్చినవాళ్ళు కూడా, ఎవరి జీతమో ఏమిటో తెలియకుండానే, అందుకున్నారు. ఓనర్ మైకు లాక్కుని, నవ్వులాంటిదేదో ముఖానికి అతికించుకుని, "ఇస్తున్నాం, ఆదివారంలోపే ఇస్తున్నాం" అన్నాడు. ఫోన్లన్నీ రికార్డు చేస్తున్నాయి. మాట తిప్పడానికి లేదు.

తూఫాన్ దరీని మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళుతూ వెళుతూ నాకు దండం పెట్టాడు. నేను తిరిగి దండం పెట్టాలని ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

ఆదివారం జీతాలు వచ్చాయి. తూఫాన్ ఆడాడు. చివరి నిమిషంలో పెనాల్టీ దొరికితే, బంతిని గోల్‌పోస్టు మీదుగా ఎక్కడికో తన్నాడు. ఓడిపోయాం. "గీ తన్నుడుకా మనం లొల్లి చేసింది?" అని గ్రూపులో నరేశన్న ఏడుపు. నాతోపాటు ఫోన్లోకి తొంగి చూస్తున్న బాపు మాత్రం, "పోనియ్యరాదు, మంచి నేతగానికి కూడ ఒక్కోసారి పోగు తెగుతది" అన్నాడు.

"పోగు సంగతి తర్వాత. అక్షరాలు ఎందుకు మార్చినవ్ బాపూ?"

"నువ్వు చెప్పిందే నేసిన. పేరొక్కటి తప్పు పడ్డది, దిద్దిన. తూఫాన్ కన్న ఓనర్ పొట్టిగున్నది కదా, గందుకు కూలి తగ్గిస్త. ఒక ప్లేటే ఇప్పియ్యి."

వీధి పిల్లలకు ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బులతో బాపును ఏసీ గదిలో కూర్చోబెట్టి బిర్యానీ తినిపించి, బాకీ తీరిందన్న తృప్తితో ఇంటికి వచ్చాను. వాకిట్లో అమ్మ, పీట మీద, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. అచ్చం స్టేడియంలో తూఫాన్ కూర్చున్నట్టే.

"ఏందమ్మా, వంట చెయ్యలేదా?"

"కండెలు చుట్టినోళ్ళ కూలి ఏది?" అంది అమ్మ. "తేలేదాక పొయ్యి ముట్టియ్య."

ఆ సాయంత్రం, చల్లారిన పొయ్యి సాక్షిగా, డైరీ మీద చెయ్యి వేసి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఇకముందు ఎవరి చేతనైనా ప్రేమతో పని చేయించుకోవాలనుకుంటే, ముందు కూలి మాట్లాడతాను, నూలు చుట్టినవాళ్ళతో సహా. ఎక్కడ ఏ స్టేజీ కనబడినా రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ దాని ముందునుంచి నడిచిపోతాను. చలికాలమైనా సరే, కప్పుకోవడానికి దుప్పటి కూడా పట్టుకెళ్ళను.

ప్రతిజ్ఞ పూర్తిచేసి, అమ్మ కోసం రెండో ప్లేటు కట్టించుకు రావడానికి ఆటో ఎక్కాను. హోటల్ రాగానే గట్టిగా అరిచాను. "ఆపన్నా!"

డ్రైవర్ అదిరిపడి బ్రేకు వేశాడు. అప్పటికే నేను ఎంత సిగ్గుపడ్డానంటే, చిల్లర తీసుకోకుండా దిగిపోయాను.