నీల పేరు మీద తీసిన ఫొటో

కోరుట్లలో మా బీడీ కార్ఖానా అరుగు మీద రాజమణి గెలిచిన కొట్లాటను కట్టల గంప నెత్తి మీది నుంచి దింపకుండా చూశాను. మాకు ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే ఠేకేదారు కరుణాకర్ మీద నోటితో గెలిచిన మనిషి అప్పటికి మా వాడలో ఒక్కతే ఉంది. అది నేను. రెండో మనిషి ఎవరా అని నిలబడ్డాను.

ఆమె జగిత్యాలలో నర్సింగ్ చదివే ఆడపిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. నలభై ఐదేళ్లుంటాయి. పొట్టి మనిషి, గడియారం ముంజేతికి లోపలి వైపు పెట్టుకుంటుంది. పద్నాలుగు మంది పిల్లల్ని వెంటేసుకొని వచ్చింది. ఛాతీ ఫొటో తీసే చిన్న మిషను, ఆ ఫొటో చూసి టీబీ ఉందో లేదో చెప్పే కంప్యూటరు తెస్తామని, బీడీలు చేసే ఆడవాళ్లందరికీ పరీక్ష చేస్తామని, పేర్ల కోసం కార్డుల రిజిస్టర్ కావాలని అడిగింది. కరుణాకర్ టెంటు వేయిస్తానన్నాడు, మంచినీళ్లు పెట్టిస్తానన్నాడు. రిజిస్టర్ మాత్రం ఇవ్వనన్నాడు. వచ్చినవాళ్లను చూసుకొని పొమ్మన్నాడు.

"వచ్చేటోళ్లు దగ్గు లేనోళ్లే వస్తరు," అన్నది రాజమణి. "దగ్గున్నది ఇంట్ల దాసుకుంటది. పేరు పట్టి పిలిస్తెనే బయటికొస్తది."

కంపెనీ కాగితాలు బయటికి పోవని ఆయన పంతం పట్టాడు. ఆమె తంబాకు బస్తా మీద కూర్చొని, సంచిలోంచి తెల్లకాగితం, పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"అయితే గిది రాసియ్యి. నా కార్ఖానల ఎవ్వలకు దగ్గు లేదు, ఉంటే నాది జిమ్మేదారి అని. కింద సంతకం పెట్టు."

ఆయన పెన్ను వంక చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే నాకు దగ్గు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఆడవాళ్లంతా నవ్వారు. కరుణాకర్ లోపలికి పోయి రిజిస్టర్ తెచ్చి ఆమె ఒడిలో పడేశాడు.

ఆయన ఎందుకు ఇవ్వనన్నాడో నాకు తెలుసు. అక్కడున్న సగం మందికి తెలుసు. గెలిచిన ఆమెకే తెలియదు.

నాకు యాభై ఎనిమిది నిండగానే పీఎఫ్ తేల్చి బీడీ కార్డు తీసేశారు, కార్డు లేకపోతే ఆకు, తంబాకు ఇవ్వరు. కార్డు పోయింది గాని చేతులు పోలేదు గదా. పక్కింటి నీలకు కార్డు ఉంది, చేతులకు తీరిక లేదు. బట్టల దుకాణంలో పని, ఇంట్లో ఏడాది నిండని బిడ్డ. కార్డు ఇంకో రెండేళ్లు నడిస్తేనే ఆమెకు రేపు పింఛను. అందుకని కార్డు నీలది, బీడీలు నావి. కార్ఖానాలో "నీల" అని పిలిస్తే ఆరేళ్లుగా నేనే లేచేదాన్ని. మాలాంటి వాళ్లు ఆ రిజిస్టర్‌లో ఎందరున్నారో కరుణాకర్‌కు తెలుసు. ఆయన తల తిప్పుకునేవాడు, మేము తల వంచుకునేవాళ్లం.

ఆ వారమే టెంటు వేశారు. నూట నలభై మందిమి లైను కట్టాం. ఫొటో తెర మీద పడిన అర నిమిషానికి కంప్యూటరు అనుమానం ఉన్న చోట ఎర్రరంగు పూసి చూపేది. రాజమణి పిల్లలను చుట్టూ నిలబెట్టి పాఠం చెప్పింది. ఇదే ఏఐ అన్నది. ఒకప్పుడు ఈ ఫొటో పెద్ద డాక్టరు చూసే సరికి వారం పట్టేదని, మీరు నర్సులయ్యేనాటికి ఇది ఊరూరా ఉంటుందని, దీంతో పనిచేయడం నేర్వకపోతే మిమ్మల్ని పలకరించేవాళ్లు ఉండరని చెప్పింది. తేజస్విని అనే పిల్ల, సన్నగా, కళ్లద్దాలు పెట్టుకున్నది, ఒక మాట అడిగింది.

"అన్నీ గదే చెప్తే మనమెందుకు మేడం?"

"లైను నడిపియ్యి ముందు. మాపటికి చెప్త," అన్నది రాజమణి. మాపటికి అందరూ అలిసిపోయారు. ఆ జవాబు అప్పుడు రాలేదు.

లైను నడిపింది ఆ తేజస్వినే. రిజిస్టర్ చూసి "నీల" అని చదివింది. "ఆఁ" అన్నాను. గాలి పీల్చి పట్టుకోమన్నది, పట్టుకున్నాను. ఆ పిల్ల కళ్లు తెర మీదే ఉన్నాయి.

మూడో రోజు నీల ఫోనుకు కబురు వచ్చింది. ఫొటోలో మచ్చ ఉంది, తెమడ పరీక్షకు రావాలి అని. నీల బిడ్డను చంకనేసుకొని మా ఇద్దరి ఇళ్ల నడుమ ఉన్న పొట్టి గోడ దగ్గరకు వచ్చింది. మొహం తెల్లబోయి ఉంది. బిడ్డ గౌను సర్దుతూ గొంతు తగ్గించింది.

"పెద్దవ్వా, నువ్వెవ్వలకు చెప్పకు. డబ్బా నేను తెస్త, నువ్వు ఉమ్ము. మందులు నేను తెస్త, నువ్వు మింగు. కార్డు నడుస్తలేదా? గిది గూడ గట్లనే నడుస్తది."

నేను సరేనన్నాను. పరీక్షలో జబ్బు ఖాయమైంది. నీల ఆసుపత్రికి పోయి, తూకం మీద నిలబడి, పేరు రాయించుకొని మందులు తెచ్చింది. రోజుకు నాలుగు గోళీలు. గోడ మీద పెట్టేది, నేను తీసుకునేదాన్ని. ఆ రోజు నుంచి నేను ఆమె బిడ్డను మాత్రం ఎత్తుకోలేదు. అది గోడ మీది నుంచి చేతులు చాస్తే మొహం తిప్పుకొని బీడీలు చుట్టే తునికాకు కత్తిరించేదాన్ని.

రెండు వారాలు దాటాక అన్నం వాసన పడలేదు. తాగిన నీళ్లు కూడా నిలవలేదు. ఒకనాడు అద్దంలో చూసుకుంటే కళ్లు పసుపు కలిపిన నీళ్లలా ఉన్నాయి. మందు మానేస్తే జబ్బు ముదురుతుంది, ఎవరికైనా చూపిస్తే నీల కార్డు పోతుంది. నాలుగూ మింగుతూనే ఉన్నాను. నీల అడిగితే ఎండ దెబ్బ అన్నాను.

మందులు మొదలైన నాలుగో వారం, మధ్యాహ్నం పూట రాజమణి వచ్చింది. జబ్బు తేలినవాళ్ల ఇళ్లకు పోయి చూడటం కూడా పాఠమేనట. వెంట తేజస్విని, ఇంకో ఇద్దరు పిల్లలు. నీల ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. నేను మా అరుగు మీద బీడీల చాట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. గోడ పొట్టిది, అన్నీ కనబడతాయి, అన్నీ వినబడతాయి.

తింటున్నావా అంటే నీల తింటున్నానన్నది. గోళీలు వేసుకుంటున్నావా అంటే ఖాళీ అట్టలు తెచ్చి చూపింది. లెక్క సరిపోయింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది. అప్పుడు రాజమణి, ఏదో వంట సంగతి అడిగినట్టు, మూత్రం ఏ రంగులో వస్తున్నదని అడిగింది.

"మామూలుగనే," అన్నది నీల.

రాజమణి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ గోళీలు వేసుకుంటే మూత్రం నారింజ రంగులో రావాలి. నాకు నెల నుంచీ అలాగే వస్తున్నది. అది నీలకు చెప్పాలని నాకేం తెలుసు. చాటలో నా వేళ్లు కూడా ఆగిపోయాయి.

"మిషిన్ తప్పు చెప్పిందేమో మేడం," అన్నది తేజస్విని. "ఈమెకు జబ్బే లేనట్టున్నది."

తెమడలో కూడా వచ్చింది కదా అని రాజమణి మెల్లగా అన్నది. ఫోనులో నీల పేరు మీది ఫొటో తీసి చాలాసేపు చూసింది. తర్వాత నీల కొంగు పక్కకు జరిపి, ఎడమ భుజం మీద మెడ కింది ఎముకను వేళ్లతో తడిమింది. ఎప్పుడైనా విరిగిందా అని అడిగింది. లేదన్నది నీల.

"గీ ఫొటోల ఇరిగి వంకరగ అతికిన బొక్క ఉన్నది," అన్నది రాజమణి. కంప్యూటరు మచ్చకు రంగు పూసింది. బొక్క సంగతి దాన్ని ఎవరూ అడగలేదు. ఆమె తేజస్విని వైపు తిరిగింది. "ఫొటో తీసినప్పుడు ఈమె మొకం చూసినవా?"

ఆ పిల్ల కళ్లద్దాలు పైకి జరుపుకున్నది.

"నేను స్క్రీన్ చూసిన మేడం."

ఇరవై ఏళ్ల కింద మక్క చేనికి పోయి వస్తూ ట్రాక్టర్ మీది నుంచి పడ్డాను. బొక్కలు కట్టే ఆయన కట్టాడు, అతికింది గాని బుడిపె మిగిలింది. రాజమణి మాట వినగానే నా చెయ్యి నన్నడగకుండా కొంగును ఎడమ భుజం మీదికి లాగింది. ఆమె అది చూసింది.

గోడ చుట్టి మా అరుగు దగ్గరకు వచ్చింది. మంచినీళ్లు అడిగింది. ఇచ్చాను. చెంబు కింద పెట్టి, నా ఎదురుగా నేల మీదే కూర్చున్నది. పిల్లలు వెనక నిలబడ్డారు.

"అవ్వా, నీ పేరేంది?"

"నీళ్లు తాగినంక పేరుతోని పనేంది," అన్నాను.

ఆమె నవ్వలేదు, రెండోసారి అడగలేదు. బొటనవేలితో నా కంటి కింద రెప్పను లాగి చూసింది. చెయ్యి చల్లగా ఉంది. కొంగు కింద బుడిపె ఉన్న చోటే వేలు పెట్టింది.

"కామెర్లయినయి నీకు. గా గోళీలు ఇంకో వారం మింగితే నిన్ను జగిత్యాలకు గాదు, వాగు పక్క కాటికి తీస్కపోవాలె. నీ జోకుకు, నీ బరువుకు, రెండే. నువ్వు ఆమె జోకుకిచ్చిన నాలుగు మింగుతున్నవు."

చాటలో ఆకు సర్దుకున్నాను. నీల వైపు చూడలేదు. నేను నోరు తెరిస్తే ఆమె ఎనిమిదేళ్ల కార్డు తెగిపోతుంది. ఊరంతా నా నోటికి భయపడుతుంది, ఆ రోజు నా నోటికి నేనే భయపడ్డాను. తేజస్విని తన నోటుపుస్తకాన్ని గుండెకు అదిమి పట్టుకొని ఉంది. గోడ అవతల నీల బిడ్డ ఏడుస్తున్నది.

నీల గోడ దాటి వచ్చింది. బిడ్డను అక్కడే వదిలి వచ్చింది.

"పేరు చెప్పు పెద్దవ్వా. కార్డు పోతే పోని."

"పోచమ్మ," అన్నాను. ఎవరైనా కాగితం మీద రాసుకునేటట్టు నా పేరు నేను చెప్పుకొని ఆరేళ్లయింది.

జగిత్యాల పెద్దాసుపత్రిలో తేజస్విని నన్ను తూకం మీద రెండుసార్లు నిలబెట్టింది. ముప్పై మూడు కిలోలు. నీల యాభై తొమ్మిది. గోళీలన్నీ ఆపేశారు. కళ్లు తెల్లబడ్డాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి నా పేరు మీద, నా తూకానికి. అక్కడున్నన్నాళ్లూ తేజస్విని రోజూ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ, నన్ను బాగా ఎరిగి ఉండి కూడా, పేరేంది అని అడిగేది. నాలుగో రోజు విసుక్కున్నాను. విసుక్కో అవ్వా, కానీ చెప్పు అన్నది.

ఒకనాడు రాజమణి పద్నాలుగు మందినీ వార్డు బయట వరండాలో నిలబెట్టింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. తప్పు మిషనుది కాదన్నది. తేజస్వినిది సగమే అన్నది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

"మాది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. మా నాయిన బట్ట నేసే సాంచెలు నడిపెటోడు. నన్ను కన్న అవ్వ బీడీలు చేసి నన్ను నర్సు చదివిచ్చింది. ఆమె చేసింది గూడ మా మేనత్త కార్డు మీదనే. టీబీ పరీక్షకు వచ్చినప్పుడు పేరు బయటపడతదని పోలేదు. నా చేతులల్లనే పానమిడిసింది. నాకు తెల్వదా గిది? రిజిస్టర్ గెలిసిన సంబురంల మర్సిపోయిన."

అప్పుడు తేజస్విని వైపు తిరిగి, మనమెందుకు అని అడిగినవు గదా అన్నది. నూట నలభై పేర్ల కాగితం ఆ పిల్ల చేతిలో పెట్టి, ఇల్లిల్లూ తిరిగి పేరూ మనిషీ కలిపి రమ్మన్నది.

పిల్లలు పది రోజులు తిరిగారు. ఎర్రరంగు పడిన ఫొటోలు మొత్తం నాలుగు. ఒకటి నాది. ఇంకొకామె దొరికింది, మందులు మొదలైనాయి. మిగతా రెండు పేర్ల మీద ఉన్నవాళ్లకు మళ్లీ ఫొటో తీస్తే ఛాతీలు శుభ్రంగా ఉన్నాయి. అంటే ఆ రెండు మచ్చలూ ఇంకెవరివో. వాళ్లు మా వాడలోనే ఎక్కడో దగ్గుతున్నారు, వంట చేస్తున్నారు, పిల్లలను పక్కలో వేసుకుంటున్నారు. పేరు అడిగితే తలుపులు వేస్తున్నారు. ఫొటో తీసిన రోజు మొహాలు చూసినవాళ్లు లేరు.

నేను ఇంటికి వచ్చాను. నీల కార్డు సంగతి ఇంకా తేలలేదు. కరుణాకర్ చూద్దాం అన్నాడు, అంతే. ప్రస్తుతానికి దుకాణం నుంచి వచ్చాక నీల తనే కూర్చొని బీడీలు చేస్తున్నది. ఆ బీడీలు చూస్తే తాగేవాడు తాగుడే మానేస్తాడు. చాట దగ్గర కూర్చొని తప్పులు దిద్దుతున్నాను, ముట్టుకోవడం లేదు.

నిన్న రాజమణి జగిత్యాల బస్సు దిగి నేరుగా మా అరుగు మీదికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. సంచిలోంచి, మనుషులు దొరకని ఆ రెండు ఫొటోలు తీసి నా ముందు పరిచింది. నల్లగా, తెల్లగా, పక్కటెముకలు, వాటి నడుమ ఎర్రటి మరకలు. వీటిని చూసి నేనేం చెప్పగలను అన్నాను. ఇవి చూడటానికి మిషను ఉంది, నిన్ను చూడమనలేదు అన్నది.

"రేపు పొద్దుగాల పిల్లలతోని నువ్వు వాడలకు రావాలె అవ్వా. మూతికి గుడ్డ కట్టుకో. నేను ఎనుక ఉంట, నువ్వు ముందల నడువు. తలుపు తీసినంక ఎవ్వల పేరు ముందుగాల అడుగకు. నీ పేరు చెప్పు. ఎవ్వల కార్డు మీద చేసినవో చెప్పు, ఎవ్వల మందులు మింగినవో చెప్పు. గప్పుడు అడుగు."