ఇరవై అయిదు డాలర్ల బిళ్ల

“...మధ్యలో నా బిళ్ల లేకపోతే ఈ గాజుపెట్టె దేనికి లియోనా? పెళ్లికూతురు లేని పెళ్లిలాగ!”

“ముందు బూట్లు దులుపుకుని రా. ఇప్పుడే ఊడ్చాను.”

“మ్యూజియం కమిటీ ఒప్పుకుంది. అడ్డం తిరిగింది నువ్వొక్కదానివే.”

ఆర్వల్ టటిల్ బూట్లు దులుపుకోలేదు. దుమ్ముతోనే లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాత రైల్వే స్టేషన్లో ఒకప్పుడు టిక్కెట్లు అమ్మిన గది అది. ఈ శనివారం నుంచి ఊరి మ్యూజియం. తలుపు మీది కొత్త బోర్డుకు ఇంకా గుడ్డ కప్పి ఉంది. దాని కింద ఉన్నది లియోనా భర్త పేరని ఊరందరికీ తెలుసు. నలభై ఏళ్లు ఈ రాగిగనుల ఊరివాళ్ల పెళ్లికార్డులూ చావుకార్డులూ అచ్చువేసిన డ్వేన్ హాస్కెట్, చావుకార్డులకు మాత్రం ఏనాడూ డబ్బు తీసుకోలేదు. అతను పోయి మూడేళ్లయింది.

గాజుపెట్టెలో ఉన్నవన్నీ లియోనా పోగుచేసిన పందెం బిళ్లలు, జూదంలో డబ్బుకు బదులు బల్ల మీద పెట్టేవి. మూతబడినవీ, తగలబడినవీ, చేతులు మారినవీ, నెవాడా ఎడారిలోని చిన్న ఊళ్ల జూదశాలలవి నూటపన్నెండు. వాటిమీద ఆమెకు మురిపెం ఏమీ లేదు. ఆమె తండ్రి గనిలో పారపని చేసి, ప్రతి శుక్రవారం జీతం కవరు చింపకుండానే బ్లూ లాంటర్న్ క్లబ్బు పాచికల బల్ల దగ్గరికి పట్టుకెళ్లేవాడు. పంతొమ్మిదో ఏట అదే క్లబ్బులో ఆమె పేకముక్కలు పంచే పనిలో చేరింది. పదకొండేళ్ల తర్వాత ఒకరోజు యూనిఫారం తొడుక్కుని పనికి వెళ్తే తలుపుకు తాళం. యజమాని చెప్పాపెట్టకుండా పోయాడు. ఏప్రన్ జేబులో మిగిలిపోయిన రెండు బిళ్లలతో మొదలైంది ఈ పోగు.

ఒక్కో బిళ్ల కింద ఒక చీటీ, ఆమె చేతిరాతతో. ‘పాచికల్లో సీసం పోసేవారు.’ ‘1958లో తగలబడింది. అంతకు ముందురోజే అద్దాలన్నీ విప్పి పట్టుకుపోయారు.’ నిజం తెలియని బిళ్లను ఆమె పెట్టెలోకి రానిచ్చేది కాదు.

“ఇది మ్యూజియమా, పోలీస్ స్టేషనా?” అన్నాడు ఆర్వల్ చీటీలు చదువుతూ. “చూడ్డానికొచ్చినవాళ్లు ఏడ్చుకుంటూ పోతారు.”

“నిన్ను చూశాక వాళ్లకు ఏడుపు కొత్తేం కాదులే.”

అతను చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ డబ్బా తీశాడు. బ్లూ లాంటర్న్ ఇరవై అయిదు డాలర్ల బిళ్ల. లోకంలో ఇదొక్కటే ఉందని పదమూడేళ్లుగా అతను చెప్పని చోటు లేదు. బ్యాంకు లాకరులో దాచి, లియోనాను ఒక్కసారి కూడా ముట్టుకోనివ్వలేదు. ఇవాళ మాత్రం డబ్బా మూత తీసి ఆమె అరచేతిలో పడేశాడు.

“చూసుకో. పదకొండేళ్లు అక్కడ పంచావు, ఇలాంటిది ఒక్కటీ మిగుల్చుకోలేదు. చీటీ నువ్వే రాయాలి. నీ చేతిరాత బాగుంటుందట.”

“అక్కడ పెద్ద పందెం అయిదు డాలర్లు ఆర్వల్. పందేనికి అయిదు దాటితే ముక్కలు పంచనిచ్చేవారు కాదు. ఇరవై అయిదు బిళ్ల ఎవడికి కావాలి?”

“కుళ్లు. ఒట్టి కుళ్లు. ఇది నాకెవరిచ్చారో తెలుసా? నీ మొగుడే. నీ సొరుగులోంచి తీశానన్నాడు, నీకు చెప్పొద్దన్నాడు.”

లియోనా బిళ్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. అంచులు పదునుగా ఉన్నాయి. ఏ బల్ల మీదా ఒరుసుకున్న బిళ్ల కాదు. బంగారు రంగు అంకెల్లో రెండుకు తోక కొస విరిగి ఉంది. ఆ తోకను ఆమె ఎరుగును. తన పెళ్లికార్డు మీది పన్నెండో తేదీలోనూ అలాగే విరిగి ఉంది. అగ్గిపెట్టెల మీదా డైరీల మీదా బంగారు అక్షరాలు అద్దే మిషను డ్వేన్‌ది. అరిగిన అచ్చు మార్చమని ఆమె ఎన్నిసార్లు పోరినా అతను నవ్వి ఊరుకునేవాడు.

“ఏం, అంతలా చూస్తున్నావు?” అన్నాడు ఆర్వల్. “రాయడం ఇష్టం లేకపోతే నేను రాసుకుంటా. శనివారం ఆ బోర్డు మీద గుడ్డ తీయగానే మొదట దీన్నే చూపిస్తా, డ్వేన్ కానుక అని. నీ ఏడుపు చీటీల మధ్య ఒక్క మంచిమాటైనా ఉంటుంది.”

ఆమె గాజుపెట్టె తాళం తీసింది. నడుమ ఉన్న బిళ్లలను అటూ ఇటూ జరిపి చోటు చేసింది. ఇరవై అయిదును అక్కడ పెట్టింది. ఆర్వల్ కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు బారజాపాడు.

“అలా రా దారికి.”

లియోనా బల్ల మీది ఖాళీ చీటీ తీసుకుని కలం మూత విప్పింది.

“శనివారం అందరి ముందూ నేనే చదువుతాను. ‘దొంగబిళ్ల. తయారుచేసినవాడు డ్వేన్ హాస్కెట్, సొంత షాపులో.’ ఆ బోర్డు మీది పేరు తీసేయమని కమిటీకి ఇవాళే చెబుతాను.”