తుప్పనుకున్నాను

ఎనభైల చివర్లో మా ఆయన జ్వరంతో పోయాక, మద్రాసు పక్కన ఆవడి దగ్గర ఆయన పనిచేసిన ఫ్యాక్టరీలోనే నాకూ పని ఇచ్చారు. రోజూ మణవాళనగర్ నుంచి లోకల్ రైల్లో వెళ్లేదాన్ని. మిషన్ల నుంచి విప్పిన సామాన్లను కిరసనాయిల్‌తో తుడవడం నా పని.

ఆయన నడిపిన మిషను ఇసుక కలిపిన నీటిధారతో ఇనుప రేకులు కోసేది. ఆ తడికీ ఇసుకకీ దాని సెన్సర్లు అరిగిపోయాయి. కొత్తవి బిగించడానికి ఫిట్టర్ మునుస్వామి వచ్చాడు. మా ఆయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు. పాతవి విప్పి నా ముందు పెట్టాడు.

ఒకదాని మూత లోపల ఎర్రగా కనిపించింది. తుప్పేమో అనుకుని గట్టిగా రుద్దాను. తళతళలాడుతుంటే, "ఎంత బాగా వచ్చిందో చూడు" అని చూపించాను కూడా.

మునుస్వామి ముఖం పాలిపోయింది.

"అయ్యో వదినా, ఆ బొట్టు తుడిచేస్తివా?"

"ఏం బొట్టు?"

"పోయిన ఆయుధపూజకి అన్న పెట్టినాడు. బయట పెడితే నీళ్లకి పోతాదని మూత లోపల పెట్టినాడు. ఆయన బొటనవేలి గుర్తు అట్నే ఉన్నింది."

మిషన్ల మోతలో నా ఏడుపు ఎవరికీ వినపడలేదు.

చేతిలోని గుడ్డను ముఖానికి ఆనించుకున్నాను. అంతా కిరసనాయిల్ వాసనే. ఒక మూల మాత్రం కాస్త ఎర్రగా ఉంది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఇన్నేళ్లలో ఎన్నో తుడిచాను, ఎన్నో ఉతికాను. ఆ గుడ్డను మాత్రం ఇప్పటికీ ఉతకలేదు.