నా బోసినోటి ఫోటో

"చెరిపెయ్యి."

"అమ్మమ్మా, ఇది ఫోన్ కాదు, ఫిల్మ్. డిలీట్ చేయలేను."

"అయితే కత్తెర తే. నా ముక్క కత్తిరించి మిగతాది పంపించు."

"రీలు ఓపెన్ చేస్తే వెలుతురు తగిలి అన్నీ పోతాయి! నా ఫ్రెండ్స్ ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి."

"వాటిని కడిగేది ఎవరు? ఆడవాళ్లా, మగవాళ్లా?"

"ల్యాబ్‌లో ఎవరో. నాకెలా తెలుసు?"

"ముక్కూ మొహం తెలియనివాడు నా బోసినోరు చూడాలా? సిగ్గు లేదుటే నీకు?"

"కానీ నువ్వు సో క్యూట్, అమ్మమ్మా!"

క్యూట్ అట. ఇది నా మనవరాలు. అమెరికాలో అరోరా అనే ఊళ్లో, మా అమ్మాయి ఇంట్లో దీనితోనే నా కాలక్షేపం. జేబులో అంత ఖరీదైన ఫోన్ పెట్టుకుని, ఎవరో వద్దనుకున్న పాత కెమెరా కొనుక్కొచ్చింది. రీలు అయ్యాక కవర్లో పెట్టి ఏదో ఊరికి పోస్టు చెయ్యాలి. వాళ్లు కడిగి పంపేదాకా కూచోవాలి. ఎందుకే ఈ సంబరం అంటే, ఆ వెయిటింగే బాగుంటుందిట. కిరసనాయిలు క్యూలో నిలబెడితే తెలిసేది, వెయిటింగ్ ఎంత బాగుంటుందో.

జరిగిందేమిటంటే, ఇంటి వెనకాల చెక్క అరుగు, అదే డెక్ మీద వడియాలు పెట్టాను. ఉడుతలు చేరాయి. చీర మీద అల్లుడి పాత స్వెట్‌షర్టు తొడుక్కుని, కుచ్చిళ్లు ఎగదోపి, చీపురు ఎత్తి వాటిని నోరారా తిడుతుంటే ఇది క్లిక్‌మనిపించింది. నోట్లో పళ్లు లేవు. గిన్నెలో ఉన్నాయి. కట్టుడు పళ్లు ఇంట్లో పెట్టుకుంటే ఊరికే అరిగిపోవూ? గుడికీ పెళ్లిళ్లకీ పెట్టుకుంటాను. ఉడుతలకెందుకు?

నేను అరుస్తూనే ఉన్నాను. అది రీలు కవర్లో పెట్టి, రోడ్డు పక్క మెయిల్‌బాక్సులో వేసి, దాని ఎర్ర జెండా ఎత్తి వచ్చింది. జెండా లేచి ఉంటే, లోపల పంపాల్సింది ఉందని పోస్టావిడకి గుర్తు.

సాయంత్రం బియ్యం కడిగిన నీళ్లు ఆ మెయిల్‌బాక్సు పక్క గులాబీకి పోసే వంకతో వెళ్లాను. కవరు తీసెయ్యొచ్చు. కానీ ఒకళ్ల టపా ఇంకొకళ్లు ముట్టుకోకూడదు. మూడో క్లాసుతో చదువు ఆగినా ఆపాటి బుద్ధి ఉంది నాకు. జెండా టపా కాదు కదా. దించేశాను. ఇక కవరు అందులోనే పడుంటుంది, ఈ పిల్ల మర్చిపోతుంది అనుకుని, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర కాపలా కూచున్నాను. పోస్టు బండి వచ్చింది. జెండా వైపు ఆవిడ చూడనే లేదు. మాకొచ్చిన కాగితాలు వెయ్యడానికి డబ్బా తెరిచి, లోపలున్న కవరు తీసి బండిలో పెట్టుకుంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, నోరు తెరవకుండా.